నికెల్ సూపర్ మిశ్రలోహాల రేడియల్ ఫోర్జింగ్

రేడియల్ ఫోర్జింగ్ అనేది వేడిచేసిన లోహపు దిమ్మెను చుట్టూ అమర్చిన సమ్మెటలతో ఒకేసారి కొడుతూ, ముందుకు జరుపుతూ, తిప్పుతూ పొడవైన కడ్డీగా సాగదీసే పద్ధతి. నికెల్ సూపర్ మిశ్రలోహాలు అనేవి ఎర్రగా కాలిన స్థితిలో కూడా బలాన్ని నిలుపుకొనే లోహాలు. జెట్ విమానాల టర్బైన్ డిస్కులు, రాకెట్ ఇంజన్ల భాగాలు, విద్యుత్కేంద్రాల గ్యాస్ టర్బైన్ భాగాలు వీటితో తయారవుతాయి. వేడికి మెత్తబడకపోవడం ఈ లోహాల ప్రయోజనం. వేడిచేసి మెత్తబరచి కొట్టడం ఫోర్జింగ్ యొక్క మార్గం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి కనుక, ఈ లోహాలను సాగదీయగల ఉష్ణోగ్రతా పరిధి చాలా ఇరుకుగా ఉంటుంది.

మామూలు కమ్మరి కొలిమిలో ఇనుము బయటకు తీసిన క్షణం నుండి చల్లబడుతూ పోతుంది. రేడియల్ ఫోర్జింగ్‌లో నికెల్ సూపర్ మిశ్రలోహం అలా ఉండదు. వేగంగా పడే దెబ్బల శక్తి లోపల వేడిగా మారి, కడ్డీ నడిభాగం కొలిమి నుండి వచ్చినప్పటికంటే ఎక్కువ వేడెక్కవచ్చు. అదే సమయంలో పైపొర చల్లబడుతూ ఉంటుంది. ఈ తేడాను అదుపులో ఉంచడమే ఈ ప్రక్రియలోని అసలు కష్టం. తెలుగు ప్రాంతాలలో ఈ లోహాల తయారీకి, పరిశోధనకు హైదరాబాదులోని కంచన్‌బాగ్ ప్రధాన కేంద్రం.

సూపర్ మిశ్రలోహాల స్వభావం

1940ల తొలి సంవత్సరాలలో బ్రిటన్‌లో జెట్ ఇంజన్ల కొరకు నిమోనిక్ అనే పేరుతో నికెల్-క్రోమియం మిశ్రలోహాలు రూపొందాయి. తరువాత అమెరికాలో హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ 718 మిశ్రలోహాన్ని కనుగొన్నాడు. దీని పేటెంటు 1962లో వెలువడింది. ఇన్‌కొనెల్ 718 అనే వ్యాపారనామంతో ప్రసిద్ధమైన ఈ లోహం నేటికీ అత్యధికంగా వాడబడుతున్న సూపర్ మిశ్రలోహాలలో ఒకటి. ఇందులో 50 నుండి 55 శాతం నికెల్, 17 నుండి 21 శాతం క్రోమియం, సుమారు 5 శాతం నియోబియం, 3 శాతం మాలిబ్డినం, కొద్దిపాటి టైటానియం, అల్యూమినియం ఉంటాయి. మిగిలినది ఇనుము.

ఈ లోహాల బలానికి మూలం వాటిలో ఏర్పడే అతిసూక్ష్మమైన అవక్షేప కణాలు. నికెల్ అల్యూమినియం, టైటానియంలతో కలిసి గామా ప్రైమ్ అనే దశను ఏర్పరుస్తుంది. 718లో నియోబియంతో కలిసి గామా డబుల్ ప్రైమ్ అనే దశ ప్రధానంగా ఏర్పడుతుంది. స్ఫటికంలోని పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా ఈ కణాలు అడ్డుపడతాయి. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే ఇవి కరిగి నికెల్‌లో కలిసిపోతాయి. అప్పుడే లోహం పనికి లొంగుతుంది. నిమోనిక్ 80ఎలో గామా ప్రైమ్ సుమారు 960 °సె వద్ద కరుగుతుంది. వాస్పలాయ్‌లో ఇది సుమారు 1,030 °సె, యుడిమెట్ 720లో సుమారు 1,150 °సె. లోహం ఎంత బలమైనదైతే ఈ హద్దు అంత పైకి జరుగుతుంది. కాని లోహం కరగడం మొదలయ్యే ఉష్ణోగ్రత మాత్రం పైకి జరగదు, సాధారణంగా కొంత కిందికే దిగుతుంది. అందువలన మధ్యనున్న చోటు తరిగిపోతుంది.

యంత్రము, పని విధానము

రేడియల్ ఫోర్జింగ్ యంత్రంలో సాధారణంగా నాలుగు సమ్మెటలు ఒకే తలంలో, ఒకదానికొకటి 90 డిగ్రీల దూరంలో ఉంటాయి. నాలుగూ ఒకే క్షణంలో కేంద్రం వైపుకు వస్తాయి, ఒకే క్షణంలో వెనుకకు వెళతాయి. కడ్డీని రెండు చివరలా పట్టుకొనే యాంత్రిక హస్తాలు దెబ్బకు, దెబ్బకు మధ్య దానిని కొంత తిప్పి, కొంత ముందుకు నెడతాయి. దెబ్బ పడే సమయంలో తిప్పడం ఆగుతుంది, లేకపోతే కడ్డీ మెలిపడుతుంది. ఆస్ట్రియాలోని స్టైర్ పట్టణానికి చెందిన జి.ఎఫ్.ఎమ్. సంస్థ ఈ యంత్రాలకు పేరుపొందింది. చాలా కర్మాగారాలలో యంత్రాన్నే జి.ఎఫ్.ఎమ్. అని పిలవడం కద్దు. పెద్ద యంత్రాలలో దెబ్బల సంఖ్య నిమిషానికి రెండు వందల దరిదాపుల్లో ఉంటుంది. చిన్నవాటిలో ఇంకా ఎక్కువ.

భారతదేశంలో ఈ పద్ధతి ఫిరంగి గొట్టాల తయారీ ద్వారా కూడా పరిచయం. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ మెటల్ అండ్ స్టీల్ ఫ్యాక్టరీలో అందుకోసం రేడియల్ ఫోర్జింగ్ యంత్రం నెలకొల్పారు. అయితే ఫిరంగి గొట్టం ఉక్కుతో చేసేది, ఉక్కు ఈ విషయంలో ఎంతో ఉదారమైన లోహం.

రెండు సమ్మెటల మధ్య, అనగా దాగలి మీద పెట్టి పైనుండి కొట్టినట్లు, దిమ్మెను నొక్కితే అది ప్రక్కలకు ఉబ్బుతుంది. ఉబ్బిన చోట పైపొర సాగి, చీలికలు పుడతాయి. సూపర్ మిశ్రలోహాలకు ఈ చీలికలు పెద్ద శాపం. నాలుగు వైపులా ఒకేసారి దెబ్బ పడినప్పుడు ఉబ్బడానికి చోటు ఉండదు, పైపొర అంతటా సంపీడనంలోనే ఉంటుంది, లోహం పొడవు వైపుకే పారుతుంది. సులభంగా చిట్లే లోహాన్ని కూడా దీనిపై సాగదీయగలగడానికి కారణం ఇదే.

రెండవ ప్రయోజనం సమయానికి సంబంధించినది. సమ్మెట కడ్డీని తాకి ఉండేది సెకనులో చిన్న భాగం మాత్రమే. ప్రెస్సులో నెమ్మదిగా నొక్కేటప్పుడు పనిముట్టు చల్లదనం లోహంలోకి దిగడానికి తీరిక దొరుకుతుంది. ఇక్కడ ఆ తీరిక తక్కువ. అయినప్పటికీ సమ్మెట ముఖాలు వేడికి, రాపిడికి అరిగిపోతాయి గనుక వాటిపై తరచు నికెల్ లేదా కోబాల్ట్ మిశ్రలోహపు పొరను వెల్డింగు చేస్తారు.

పనికి అనువైన ఉష్ణోగ్రతా పరిధి

తక్కువ కర్బనం గల ఉక్కును సుమారు 1,250 °సె నుండి 850 °సె వరకు, అంటే 400 డిగ్రీల విస్తృతిలో నిశ్చింతగా కొట్టవచ్చు. 718ను సాధారణంగా 1,120 °సె దాటనివ్వరు, 900 °సె కంటే తగ్గనివ్వరు. యుడిమెట్ 720 వంటి లోహాలకు ఈ పరిధి వంద డిగ్రీలు కూడా ఉండదు.

పై హద్దును దాటితే రెండు ప్రమాదాలు. మొదటిది స్ఫటికరేణువులు అతిగా పెరగడం. రెండవది లోహం రేణువుల సరిహద్దుల వద్ద కరగడం. 718 ద్రవీభవన పరిధి 1,260 నుండి 1,336 °సె అని పట్టికలలో కనిపిస్తుంది గాని, పోత పోసిన దిమ్మెలో నియోబియం ఒకచోట పోగుపడిన ప్రాంతాలు అంతకు వంద డిగ్రీల కిందనే కరగడం మొదలవుతుంది. అందుకే పోత దిమ్మెను కొట్టే ముందు 1,160 నుండి 1,200 °సె మధ్య అనేక గంటలు, పెద్దదైతే రోజుల తరబడి ఉంచి, పోగుపడిన మూలకాలు సమంగా విస్తరించేటట్లు చేస్తారు. ఈ దశలో తొందరపడి చెడిన దిమ్మె తరువాత ఎంత నేర్పుగా కొట్టినా బాగుపడదు.

కింది హద్దును దాటితే అవక్షేపాలు తిరిగి పుడతాయి, లోహం గట్టిపడుతుంది, దెబ్బకు సాగక చీలుతుంది. 718లో డెల్టా అనే మరొక దశ సుమారు 1,010 నుండి 1,030 °సె కంటే తక్కువలో ఏర్పడుతుంది. ఇది బలానికి అంతగా తోడ్పడదు, కాని సరైన మోతాదులో ఉంటే రేణువులు పెరగకుండా సరిహద్దులను పట్టి ఉంచుతుంది. ఆ విధంగా ఒక దశలో లోపంగా కనిపించేది మరొక దశలో సాధనం అవుతుంది.

ఇంకొక చిక్కు ఉష్ణవాహకత. సాధారణ ఉష్ణోగ్రత వద్ద 718 ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 11 వాట్లు మాత్రమే. రాగికి ఇది 400 దరిదాపుల్లో ఉంటుంది. కొలిమిలో పెట్టిన పెద్ద దిమ్మెకు బయట ఎర్రబడినా లోపల చేరవలసిన వేడి చేరడానికి చాలా సమయం పడుతుంది. తొందరగా వేడిచేస్తే బయటి, లోపలి వ్యాకోచాల తేడా వలననే పగులుతుంది. కాబట్టి మెట్లు మెట్లుగా వేడిచేస్తారు.

దెబ్బ వలన పుట్టే వేడి

లోహాన్ని విరూపణ చెందించడానికి చేసిన పనిలో 90 నుండి 95 శాతం వేడిగా మారుతుంది. మిగిలిన కొద్ది భాగం స్ఫటికంలోని లోపాల రూపంలో నిలువ ఉంటుంది. పుట్టే వేడి ఎంతో లెక్కించడం కష్టం కాదు. ప్రతిబలాన్ని వికృతితో గుణించి, లోహసాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధంతో భాగిస్తే ఉష్ణోగ్రతలో పెరుగుదల వస్తుంది.

ఉదాహరణకు 1,000 °సె ప్రాంతంలో వేగంగా కొట్టినప్పుడు 718 చూపే ప్రతిబలం 300 మెగాపాస్కల్ అనుకుందాం. ఒక విడతలో అడ్డుకోత వైశాల్యాన్ని 20 శాతం తగ్గిస్తే వికృతి 0.22 అవుతుంది. ఘనమీటరుకు 8,000 కిలోల సాంద్రత, కిలోకు, డిగ్రీకి 650 జౌళ్ల విశిష్టోష్ణం తీసుకుంటే ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీలు పెరుగుతుంది. వరుసగా ఐదు విడతలు కొడితే 60 డిగ్రీలు. ఇది ఏ వేడీ బయటకు పోకపోతే, అంటే స్థిరోష్ణక ప్రక్రియ అయితే వచ్చే లెక్క. ఉష్ణోగ్రత తగ్గిన కొద్దీ ప్రతిబలం పెరుగుతుంది గనుక, చల్లని లోహం దెబ్బకు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. 400 మెగాపాస్కల్ ప్రతిబలం వద్ద అదే విడతకు 16 డిగ్రీలు వస్తాయి.

మరొక ప్రక్క వేడి బయటకు పోతూ ఉంటుంది. 1,050 °సె వద్ద ఉన్న కడ్డీ ఉపరితలం నుండి వికిరణం ద్వారా చదరపు మీటరుకు సుమారు 140 కిలోవాట్ల శక్తి వెలువడుతుంది. 200 మిల్లీమీటర్ల వ్యాసం గల కడ్డీకి ఇది సగటున సెకనుకు అర డిగ్రీ నష్టం. రెండు మీటర్ల కడ్డీని నిమిషానికి 6 మీటర్ల వేగంతో యంత్రంలో నడిపితే ఒక విడతకు 20 సెకన్లు పడుతుంది, అనగా 10 డిగ్రీల నష్టం. దెబ్బలు ఇచ్చేది 12 డిగ్రీలు. రాబడి, ఖర్చు దాదాపు సరిపోయాయి. ఇదే కడ్డీ 100 మిల్లీమీటర్లకు సన్నబడేసరికి పొడవు 8 మీటర్లు అవుతుంది. ఒక విడతకు 80 సెకన్లు కావాలి. సన్నని కడ్డీ సెకనుకు ఒక డిగ్రీకి పైగా చల్లబడుతుంది. ఇప్పుడు నష్టం 80 డిగ్రీలు దాటింది, దెబ్బల రాబడి మాత్రం సుమారు అంతే ఉంది. కాబట్టి మొదటి విడతలలో అతిగా వేడెక్కుతుందేమోనని భయపడిన లోహమే చివరి విడతలకు చల్లారిపోయి తిరిగి కొలిమికి వెళ్లవలసి వస్తుంది. 400 మిల్లీమీటర్ల కడ్డీ విషయంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది సెకనుకు పావు డిగ్రీ చొప్పున చల్లబడుతుంది, దెబ్బకు దెబ్బకు వేడెక్కుతూనే ఉంటుంది.

పై లెక్కలన్నీ సగటువి. అసలు విషయం సగటులో లేదు. 200 మిల్లీమీటర్ల కడ్డీ కేంద్రం నుండి వేడి ఉపరితలానికి చేరడానికి పట్టే లాక్షణిక కాలం సుమారు ఆరు నిమిషాలు. 400 మిల్లీమీటర్లకు ఇది నాలుగింతలు, అంటే 24 నిమిషాలు. 20 సెకన్లలో ముగిసే విడతలో కేంద్రానికి బయటి చల్లదనం తెలియనే తెలియదు. దెబ్బలు ఇచ్చిన వేడి అక్కడే పోగవుతుంది, నష్టమంతా పైపొర భరిస్తుంది. ఐదు విడతలు పూర్తయ్యేసరికి కేంద్రం కొలిమి ఉష్ణోగ్రత కంటే పదుల డిగ్రీలు పైన, ఉపరితలం వందకు పైగా డిగ్రీలు కిందా ఉండటం జరుగుతుంది.

యంత్రం దగ్గర ఉన్న పైరోమీటరు కొలిచేది పైపొరను మాత్రమే, అది కూడా ఆక్సైడు పొలుసు మీది కాంతిని. కంటికి నారింజ రంగులో, తక్కువ వేడితో కనిపించే కడ్డీ లోపల పై హద్దును దాటి ఉండవచ్చు. అనుభవం తక్కువైన పనివాడు కడ్డీ చల్లబడిందని వేగం పెంచితే లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. కేంద్రం ఉష్ణోగ్రతను పని జరుగుతుండగా నేరుగా కొలిచే మార్గం లేదు, లెక్కించవలసినదే. ఇందుకు నేడు పరిమిత మూలకాల పద్ధతిపై ఆధారపడిన కంప్యూటరు నమూనాలను వాడుతున్నారు. వాటి ఆధారంగా ఏ విడతలో ఎంత వైశాల్యం తగ్గించాలి, ఎంత వేగంతో నడపాలి, ఎక్కడ ఆగి వేడి సర్దుకోనివ్వాలి అన్నది ముందే నిర్ణయించి యంత్రానికి ఇస్తారు.

విరూపణ లోపలికి చేరడం

దెబ్బ బలం కేంద్రం దాకా చేరడం కూడా ఉష్ణోగ్రత అంత ముఖ్యమే. విడతకు చాలా తక్కువ తగ్గిస్తే పైపొర మాత్రమే సాగుతుంది. సాగిన పైపొర సాగని నడిభాగాన్ని వెంట లాగుతుంది. ఆ లాగుడుకు కేంద్రంలో తన్యత ప్రతిబలం పుట్టి, పోత దిమ్మె నుండి మిగిలిన సూక్ష్మరంధ్రాలు మూసుకోవడానికి బదులు తెరుచుకుంటాయి. పరిశోధకులు దీనిని చూడటానికి రెండు రంగుల ప్లాస్టిసిన్ పొరలతో కడ్డీలు చేసి, కొట్టి, నిలువుగా కోసి చూసేవారు. గీతలు ఉపరితలం వద్ద ఎక్కువ, మధ్యలో తక్కువ ముందుకు సాగి కడ్డీ చివర గిన్నెలా గుంటపడుతుంది. కంప్యూటరు నమూనాలు లేని కాలపు ఈ పద్ధతిని కళాశాల ప్రయోగశాలలో నేటికీ సులభంగా చేసి చూడవచ్చు.

ఎక్కువ తగ్గిస్తే దెబ్బ లోతుకు చేరుతుంది, కాని వేడి కూడా ఎక్కువ పుడుతుంది. నిమిషానికి 200 దెబ్బలు, 6 మీటర్ల వేగం అనుకుంటే దెబ్బకు 30 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. సమ్మెట ముఖం 200 మిల్లీమీటర్లు ఉంటే ప్రతి చోటూ ఆరేడు దెబ్బలు తింటుంది. మొత్తం వికృతి ఆ దెబ్బల మధ్య పంచుకోబడుతుంది.

స్ఫటికరేణువులపై ప్రభావం

పోత దిమ్మెలో రేణువులు పెద్దవిగా, కొన్ని మిల్లీమీటర్ల నుండి సెంటీమీటర్ల వరకు, పొడవాటి ఆకారంలో ఉంటాయి. ఫోర్జింగ్ లక్ష్యం కేవలం ఆకారం మార్చడం కాదు, వీటిని విరగగొట్టి మైక్రోమీటర్లలో కొలిచే రేణువులుగా మార్చడం. ఇది పునఃస్ఫటికీకరణం ద్వారా జరుగుతుంది. విరూపణ చెందిన రేణువుల సరిహద్దుల వద్ద కొత్త రేణువులు పుట్టి, పాతవాటిని క్రమంగా తినివేస్తాయి. కొంత భాగం దెబ్బ పడుతుండగానే జరుగుతుంది. రేడియల్ ఫోర్జింగ్‌లో ప్రతి దెబ్బకూ వచ్చే వికృతి చాలా తక్కువ కాబట్టి, దెబ్బల మధ్య, విడతల మధ్య విరామాలలో జరిగే భాగానికి ఎక్కువ ప్రాముఖ్యం ఉంటుంది.

పైపొరలో ఉష్ణోగ్రత తగ్గి పునఃస్ఫటికీకరణం సగంలో ఆగితే, పెద్ద పాత రేణువుల చుట్టూ చిన్న కొత్త రేణువులు హారంలా మిగిలిపోతాయి. దీనిని నెక్లెస్ నిర్మాణం అంటారు. కేంద్రంలో పరిస్థితి వేరు. పునఃస్ఫటికీకరణం పూర్తయిన తరువాత కూడా వేడి మిగిలి ఉంటే కొత్త రేణువులు మళ్లీ పెరుగుతాయి, డెల్టా దశ కరిగిపోయి ఉంటే మరీ వేగంగా పెరుగుతాయి. ఒకే కడ్డీని అడ్డంగా కోసి చూస్తే అంచున ఒక నిర్మాణం, మధ్యలో మరొకటి కనిపించడానికి కారణం ఇదే. టర్బైన్ డిస్కు సేవలో ఉన్నప్పుడు అలసట వలన వచ్చే పగుళ్లను చిన్న రేణువులు ఎక్కువగా నిరోధిస్తాయి. పెద్ద రేణువుల భాగం ముందుగా ఓడిపోతుంది. అందువలన చివరి విడతలను డెల్టా దశ కరిగే ఉష్ణోగ్రతకు దిగువన ముగించే విధంగా ప్రణాళిక వేస్తారు.

ప్రక్రియా పటాలు

ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ వేగంతో కొడితే లోహం లోపల ఏమి జరుగుతుందో ఒకే పటంలో చూపే పద్ధతిని ప్రక్రియా పటం అంటారు. దీనిని 1984లో ప్రచురించిన పరిశోధనలో వై.వి.ఆర్.కె. ప్రసాద్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. ప్రసాద్ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడిగా పనిచేశాడు. అనేక లోహాల పటాల సంకలనం ఆయన, ఎస్. శశిధర సంపాదకత్వంలో 1997లో వెలువడింది.

ప్రసాద్, ఎన్. శ్రీనివాసన్ కలిసి 718పై 1994లో ప్రచురించిన పటంలో పునఃస్ఫటికీకరణానికి అనువైన రెండు ప్రాంతాలు కనిపిస్తాయి. ఒకటి 1,200 °సె, సెకనుకు 0.1 వికృతి రేటు వద్ద. రెండవది 950 °సె, సెకనుకు 0.001 వద్ద. మొదటి దానితో పని ప్రారంభించి రెండవ దానితో ముగిస్తే చిన్న రేణువులు వస్తాయని వారి సూచన. రెండవ ప్రాంతంలో డెల్టా కణాలే కొత్త రేణువులకు పుట్టుచోట్లు.

అయితే సెకనుకు 0.001 రేటుతో 0.22 వికృతి సాధించడానికి 220 సెకన్లు పడుతుంది. రేడియల్ ఫోర్జింగ్‌లో వికృతి రేటు సెకనుకు 1 నుండి 10 వరకు ఉంటుంది, అనగా వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. ఈ యంత్రం పటంలోని శ్రేష్ఠమైన ప్రాంతంలో పని చేయదు, చేయలేదు కూడా. వేగవంతమైన ప్రాంతంలో ఉంటూ, వేడి ఒకేచోట పోగై లోహం పట్టీలుగా జారిపోయే అస్థిర స్థితిని తప్పించుకోవడమే దీనికి సాధ్యం. పటాన్ని ఇక్కడ ఎక్కడికి పోకూడదో తెలుసుకోవడానికి వాడతారు.

లోపాలు, తనిఖీ

తయారైన బిల్లెట్లను అతిధ్వని తరంగాలతో పరీక్షిస్తారు. రేణువులు పెద్దవిగా ఉంటే అవే తరంగాలను చెదరగొడతాయి, ఆ రొదలో చిన్న లోపం ప్రతిధ్వని కలిసిపోతుంది. అంటే అతిగా వేడెక్కిన కేంద్రం తాను బలహీనం కావడమే గాక, తనలోని లోపాలను దాచిపెడుతుంది కూడా.

ఎంత చక్కగా కొట్టినా ఫోర్జింగ్ సరిచేయలేని లోపాలూ ఉన్నాయి. 2016 అక్టోబరు 28న షికాగో ఓహేర్ విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 383వ నంబరు విమానం పరుగు తీస్తుండగా కుడి ఇంజన్‌లోని 718 మిశ్రలోహపు టర్బైన్ డిస్కు పగిలింది. బోయింగ్ 767 రకపు ఆ విమానం ఆగింది, మంటలు లేచాయి. అందులోని 170 మంది బయటపడ్డారు, ఒకరికి తీవ్రమైన గాయాలయ్యాయి. డిస్కు ముక్క ఒకటి సుమారు 900 మీటర్ల దూరంలోని గిడ్డంగి కప్పును చీల్చుకొని పడింది. డిస్కు లోపల నియోబియం తక్కువగా ఉండి ఆక్సైడు కణాలతో కూడిన తెల్లమచ్చ అనే లోపం నుండి పగులు మొదలైందని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2018లో తేల్చింది. ఇటువంటి మచ్చ లోహాన్ని కరిగించే దశలోనే పుడుతుంది. తయారీ కాలంలోని తనిఖీకి అది దొరకలేదు.

హైదరాబాదులో సూపర్ మిశ్రలోహాలు

కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) 1973లో రక్షణ మంత్రిత్వశాఖ ఆధ్వర్యంలో స్థాపించబడింది. 2018లో దీని వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదయ్యాయి. ఇక్కడ తయారయ్యే నికెల్ మిశ్రలోహాలకు సూపర్ని అనే పేరు పెట్టారు. సూపర్ని 718, సూపర్ని 80ఎ, సూపర్ని 90, సూపర్ని 263 మొదలైనవి ఆ శ్రేణిలోనివి. సంఖ్యలు అంతర్జాతీయ మిశ్రలోహాల సంఖ్యలే కాబట్టి గుర్తించడం సులభం. లోహాన్ని శూన్యంలో ప్రేరణ కొలిమిలో కరిగించి, శూన్య ఆర్క్ పద్ధతిలో లేదా విద్యుత్ మలపు పద్ధతిలో మరల కరిగించి, పోత దిమ్మెలను ఫోర్జింగ్ ప్రెస్సులపై కొడతారు.

పక్కనే ఉన్న రక్షణ లోహశాస్త్ర పరిశోధన ప్రయోగశాల (డి.ఎమ్.ఆర్.ఎల్.) ఇదే సమస్యకు మరొక చివర నుండి పరిష్కారం వెతికింది. అక్కడి 2,000 టన్నుల సమోష్ణోగ్రతా ప్రెస్సులో పనిముట్టును కూడా లోహంతో సమానంగా వేడిచేసి, అతి నెమ్మదిగా నొక్కుతారు. పైపొర చల్లబడదు, లోపల వేడి పోగుపడదు. జాగ్వార్, హాక్ విమానాలలోని అడూర్ ఇంజన్ కొరకు ఐదు దశల కంప్రెసర్ డిస్కులను టైటానియం మిశ్రలోహంతో ఈ పద్ధతిలో రూపొందించినట్లు 2021 మే నెలలో డి.ఆర్.డి.ఓ. ప్రకటించింది. ఈ పద్ధతి నాణ్యమైనది కాని ఖరీదైనది, తుది ఆకారానికి దగ్గరైన వస్తువులకే తగినది. వాటికి కావలసిన బిల్లెట్టును సాగదీసే పని మామూలు ప్రెస్సుకో, రేడియల్ యంత్రానికో మిగులుతుంది.

700 °సె దాటిన ఆవిరితో నడిచే ఉష్ణ విద్యుత్కేంద్రం కొరకు చేపట్టిన జాతీయ కార్యక్రమంలో 617ఎమ్ అనే నికెల్ మిశ్రలోహాన్ని మిధాని, దాని గొట్టాలను హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం తయారు చేశాయి. భారతదేశం నికెల్ కొరకు ప్రధానంగా దిగుమతుల మీదనే ఆధారపడుతున్నందున, చీలిపోయి పారవేయవలసి వచ్చిన ప్రతి కడ్డీ ఖరీదైన నష్టమే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

ఉత్తరాంధ్రలో లోహపు పని పాతదే. శ్రీకాకుళం జిల్లా బుడితి గ్రామపు ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం 1890ల ఆరంభంలోనే మొదలైంది, గరివిడిలో ఫెర్రో మిశ్రలోహాల కర్మాగారం వెలసింది. కాని అవి ఉక్కు పరిశ్రమకు చెందినవి. 718లో మాంగనీసు 0.35 శాతానికి మించరాదు. అక్కడ అది మిశ్రణం కాదు, పరిమితిలో ఉంచవలసిన మలినం.

విజయనగరంలో 2007లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల 2022లో జె.ఎన్.టి.యు. గురజాడ విశ్వవిద్యాలయంగా మారింది. ఇక్కడ లోహశాస్త్ర ఇంజనీరింగు బోధన జరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ వద్ద ప్రతిపాదించిన అణువిద్యుత్కేంద్రంలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు ఏపీ-1000 రియాక్టర్లు నెలకొల్పాలన్నది ప్రణాళిక. ఈ రకపు రియాక్టరులో ఆవిరి జనకాల గొట్టాలు 690 అనే నికెల్ మిశ్రలోహంతోను, ఇంధన కడ్డీలను పట్టి ఉంచే పై, కింది చట్రాలు 718తోను చేస్తారు.